ఉచితంగా వస్తే ఏ పాఠమైనా సరేనా?

పీట్ అనే పిల్లాడు పొద్దున లేచి చూస్తే ఇంట్లో సగం సామాను కనబడదు. పళ్లు తోముకుందామంటే బ్రష్షు లేదు. బడికి పోదామంటే బస్సు దొరకదు. ఏం జరిగిందో వాడికి అర్థం కాదు. చివరికి టీచరమ్మ విప్పి చెబుతుంది, పోయినవన్నీ పెట్రోలియంతో తయారైన వస్తువులే నాయనా అని. పెట్రోలియం లేని బతుకు పీడకల అన్నమాట. ఈ కథ పేరు 'పెట్రో పీట్స్ బిగ్ బ్యాడ్ డ్రీమ్'. అమెరికాలో ఒక్లహోమా రాష్ట్రంలో అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకు దీన్ని చదివి వినిపిస్తారు. 2016 నవంబరులో ఒక ఊళ్లో ఈ కథ వినిపించడానికి ఇద్దరు శాసనసభ్యులే స్వయంగా బడికి వచ్చారు. ఒకటో తరగతి పిల్లలు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నోళ్లు తెరుచుకుని విన్నారు.

ఈ కథ రాయించింది, అచ్చేయించింది, బడిబడికీ పంచింది ఒక్లహోమా ఎనర్జీ రిసోర్సెస్ బోర్డు. పేరు చూస్తే సర్కారు ఆఫీసు. 1993లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి పెట్టిందే. డబ్బు మాత్రం చమురు, గ్యాస్ తవ్వేవాళ్లది, తమ భూమిలో తవ్వుకోనిచ్చి రాయల్టీ తీసుకునేవాళ్లది. అమ్మకం విలువలో వెయ్యో వంతు ఆ బోర్డుకు పోతుంది. ఆ డబ్బుతో పుస్తకాలు, ప్రయోగాల కిట్లు, టీచర్లకు శిక్షణ, పిల్లలకు మ్యూజియం యాత్రలు. అన్నీ ఉచితమే. రెండు దశాబ్దాల్లో ఈ చదువుల పద్దు కింద దాదాపు 4 కోట్ల డాలర్లు ఖర్చయిందని 2017లో సెంటర్ ఫర్ పబ్లిక్ ఇంటెగ్రిటీ, స్థానిక రేడియో విలేకరులు కలిసి బయటపెట్టారు. పాడుబెట్టి వదిలేసిన పాత బావుల చోట్లను శుభ్రం చేయించే పని కూడా ఇదే బోర్డు చేస్తుంది. అది మంచి పనే, కాదనను. కానీ నేల మీది చమురు కడిగిన చేత్తోనే పిల్లల బుర్రలో చమురు పోస్తే ఆ మంచిని చూసి ఊరుకోమంటారా?

నా కోపం కంపెనీల మీద అనుకుంటున్నారేమో. కంపెనీకి సరుకు అమ్ముకోవడమే పని. నూనె అమ్మేవాడు నూనె మంచిదనే అంటాడు, వాడి నోటి నుంచి ఇంకేం వస్తుంది? నా కోపమంతా తలుపు తీసినవాళ్ల మీద. చూసి కూడా చూడనట్టున్న పెద్దల మీద. బడి పెద్దలు, విద్యాశాఖలు, ఉపాధ్యాయ సంఘాలు, తల్లిదండ్రులు, అందులో మన తెలుగు తల్లిదండ్రులు కూడా.

ఒక్లహోమా టీచర్లు ఆ కిట్లు ఎందుకు తీసుకున్నారో ముందు చెప్పాలి. వాళ్ల దగ్గర వేరే ఏమీ లేదు కాబట్టి. 2018 ఏప్రిల్లో ఆ రాష్ట్రంలో వేలాది మంది టీచర్లు బడులు మూసి రోడ్డెక్కారు. అట్టలూడిపోయి, టేపు అంటించి బండి లాగిస్తున్న పాఠ్యపుస్తకాల ఫొటోలు అప్పుడే దేశమంతా తిరిగాయి. డబ్బుల్లేక ఎన్నో జిల్లాల్లో బడి వారానికి నాలుగు రోజులకు కుదించారు. టీచర్ల జీతాలు దేశంలో అట్టడుగున ఉండేవి. నేల కింద అంత చమురున్న రాష్ట్రంలో బడికి పుస్తకం ఎందుకు లేదు? ఒకప్పుడు అక్కడ చమురు, గ్యాస్ ఉత్పత్తి మీద పన్ను 7 శాతం. రాయితీల మీద రాయితీలు ఇచ్చి, 2014 నాటి చట్టంతో కొత్త బావులకు మొదటి మూడేళ్లు 2 శాతం చాలన్నారు. దాన్ని పెంచకుండా ఉంచడానికి చమురు దొరలు శాసనసభ చుట్టూ ఎంత తిరిగారో అక్కడి పత్రికలు చదివేవాళ్లందరికీ తెలుసు. చివరికి టీచర్లు సమ్మె కత్తి నూరాకే, 2018 మార్చిలో 5 శాతానికి పెంచారు.

ఊరి చెరువు నీళ్లన్నీ తన పొలానికి తోడుకున్న ఆసామి ఎండాకాలం రాగానే చలివేంద్రం పెట్టి, గ్లాసు గ్లాసు మీదా తన పేరు చెక్కించుకుంటాడు చూడండి, ఇదీ అంతే. దాహంతో ఉన్నవాడు గ్లాసు మీద పేరు చూడడు. ఆ టీచరును నేను తప్పు పట్టను. తన జీతంలోంచి సుద్దముక్కలు, కాగితాలు కొనుక్కునే మనిషి ముందుకు పెట్టెడు పరికరాలు ఉచితంగా వస్తే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? చెరువు ఎండుతుంటే చూస్తూ ఊరుకుని, చలివేంద్రం ప్రారంభానికి రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దమనుషుల్ని అనాలి. బడికి కథ చదవడానికి తీరిక దొరికిన శాసనసభ్యులకు, బడికి డబ్బు ఇచ్చే చట్టానికి మాత్రం ఏళ్ల తరబడి తీరిక దొరకలేదు.

ఆ పిల్లలు కూర్చున్న నేల కూడా మామూలు నేల కాదు. చమురుతో పాటు పైకి వచ్చే ఉప్పునీటిని మళ్లీ లోతుగా భూమిలోకి పంపడం వల్ల ఒక్లహోమాలో భూకంపాలు విపరీతంగా పెరిగాయి. 2015 ఒక్క ఏడాదిలో తీవ్రత 3, అంతకు పైబడినవి 900 దాకా వచ్చాయి. 2016 సెప్టెంబరులో పౌనీ దగ్గర 5.8 తీవ్రతతో భూమి ఊగింది. మూడు నెలలు తిరక్కుండానే ఆ శాసనసభ్యులు పీట్ కథ పట్టుకుని బడికి వెళ్లారు. పీట్ పీడకలలో బ్రష్షు మాయమవుతుంది, ఇల్లు ఊగదు.

ఒక రాష్ట్రం వెర్రి అని సరిపెట్టుకుందామంటే కుదరదు. అమెరికాలో సైన్సు టీచర్లకు ఒక జాతీయ సంఘం ఉంది. 2006లో 'ఆన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్' సినిమా నిర్మాతల్లో ఒకరైన లారీ డేవిడ్, తరగతి గదుల కోసం 50,000 డీవీడీలు ఊరికే ఇస్తానంటే ఆ సంఘం వద్దంది. తీసుకుంటే రేపు ఇంకెవరెవరో వచ్చి తమ సరుకూ పంచమంటారట. అది సరే. కానీ తమ నిధుల సేకరణకూ, కొందరు దాతలకూ ఇబ్బంది అని కూడా రాశారు. అసలు సంగతి అక్కడుంది. ఆ సంఘానికి పదేళ్లుగా లక్షల డాలర్లు ఇస్తూ వచ్చిన దాతల్లో ఎక్సాన్‌మొబిల్ ఒకటి. గొడవయ్యాక, వేరే దారులు చూపించామని సంఘం సర్దిచెప్పుకుంది. భూమి వేడెక్కుతోందని పిల్లలకు చెప్పాల్సిన మాస్టార్ల సంఘమే దాత ముఖం చూసి నోరు కట్టుకుంటే, ఆ పిల్లలకు ఇంక చెప్పేదెవరు?

అదే ఎక్సాన్‌కు ఆ కంపెనీలో పనిచేసే శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1977లోనే చెప్పాడు, బొగ్గు, చమురు మండించడం వల్ల వాతావరణం మారుతోందని. కంపెనీ శాస్త్రవేత్తలు అప్పట్లో వేసిన లెక్కలు ఎంత కచ్చితంగా నిజమయ్యాయో 2023 జనవరిలో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అంటే పెద్దవాళ్ల గదిలో లెక్క సరిగ్గానే వేశారు. పిల్లల గదికి వచ్చేసరికి ఆ లెక్క దాచారు. తెలిసి దాచినవాడి డబ్బుతో బడి నడిపితే దాన్ని విరాళం అనడానికి నాకు నోరు రాదు.

మనకు బాగా తెలిసిన ప్రచురణ సంస్థ స్కొలాస్టిక్. మన హైదరాబాదు, విజయవాడ బడుల్లోనూ వాళ్ల పుస్తక ప్రదర్శనలు జరుగుతుంటాయి, పిల్లలు డబ్బులకు మారాం చేస్తారు. ఆ స్కొలాస్టిక్ అమెరికాలో నాలుగో తరగతి పిల్లల కోసం 'యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ ఎనర్జీ' అని పాఠాలు తయారుచేసి వేల మంది టీచర్లకు పంపింది. ఖర్చు అమెరికన్ కోల్ ఫౌండేషన్‌ది, అంటే బొగ్గు వ్యాపారుల సంస్థది. బొగ్గు వల్ల లాభాలు ఉన్నాయి అందులో. బొగ్గు కోసం కొండల నెత్తులు పేల్చేయడం లేదు, చిమ్నీ పొగ లేదు, భూమి వేడెక్కడం లేదు. తొమ్మిదేళ్ల పిల్లకు ఇంతకన్నా అబద్ధం చెప్పక్కర్లేదు. సగం చెప్పి ఆపేస్తే చాలు.

2017లో హార్ట్‌లాండ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఇంకో అడుగు ముందుకు వేసింది. వాతావరణ మార్పు మీద శాస్త్రవేత్తలకే ఏకాభిప్రాయం లేదని చెప్పే పుస్తకాన్ని సైన్సు టీచర్ల ఇళ్లకూ బడులకూ టపాలో పంపింది, మొదటి విడతగా 25,000 మందికి. ఈ సంస్థ కూడా ఒకప్పుడు ఎక్సాన్‌మొబిల్ విరాళాలు పుచ్చుకున్నదే. టీచర్లు చాలామంది ఆ పుస్తకాన్ని చెత్తబుట్టలో వేశారని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. నిజమే కావచ్చు. కానీ 2016లో 'సైన్స్'లో వచ్చిన సర్వే ఒకటుంది. దాదాపు 1,500 మంది అమెరికా సైన్సు టీచర్లను అడిగి చేసింది. ఏడాది మొత్తంలో ఈ విషయానికి వాళ్లు కేటాయించేది సాధారణంగా ఒకటి, రెండు గంటలు. అందులోనూ దాదాపు ముగ్గురిలో ఒకరు, ఇప్పటి వేడి ప్రకృతి సహజమేమో అన్నట్టు చెబుతున్నారు. అలాంటి తరగతి గదుల్లోకి వచ్చిన పుస్తకాలన్నీ చెత్తబుట్టలోకే పోయాయని నమ్మలేం.

ఇక టెక్సాస్ సంగతికి వస్తాను. ఇది మన ఇంటి సంగతి. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయో వేరే చెప్పనవసరం లేదు. ఆ రాష్ట్రంలో ఏ పాఠ్యపుస్తకం ఆమోదించాలో తేల్చే విద్యా బోర్డులో 15 మంది సభ్యులు, అందరూ ఎన్నికైనవాళ్లే. 2023 నవంబరులో ఎనిమిదో తరగతి సైన్సు కోసం 12 పుస్తకాలు ముందుకు వస్తే ఏడింటిని తిప్పికొట్టారు. వాతావరణ మార్పు గురించి ఎక్కువ చెప్పాయని, పరిష్కారాలు చెప్పాయని అభ్యంతరాలు. అంతకు ముందే రైల్‌రోడ్ కమిషన్ సభ్యుడొకాయన, చమురు, గ్యాస్‌ను మెచ్చుకునే పుస్తకాలే ఎంచుకోండని బోర్డుకు బహిరంగంగా చెప్పాడు. (పేరులో రైలు ఉంది గానీ ఆ కమిషన్ ప్రధానంగా చూసేది చమురు, గ్యాస్ వ్యవహారాలు.) పుస్తకాల్లోని బొమ్మలు చమురు పరిశ్రమను చెడ్డగా చూపిస్తున్నాయని ఆక్షేపించిన బోర్డు సభ్యుడు ఆరన్ కిన్సీ స్వయంగా చమురు క్షేత్రాలకు సేవలందించే కంపెనీ నడిపే మనిషి. ఆయనే తర్వాత ఆ బోర్డుకు అధ్యక్షుడయ్యాడు. ఇందులో దాపరికం ఏమీ లేదు, కుట్ర అనడానికి కూడా లేదు. అంతా పట్టపగలే జరిగింది.

హ్యూస్టన్ శివారు కేటీలో మా అక్క కొడుకు ఉంటాడు. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ అక్కడి సర్కారు బడిలోనే. ఫోన్లో ఈ సంగతి కదిపాను. మీ ఊళ్లో ఇంత జరిగితే మీ తెలుగువాళ్లెవరూ నోరెత్తలేదేంరా అని.

"మామయ్యా, నేను ఇంటి వాయిదా ఎవరి డబ్బుతో కడుతున్నానో నీకు తెలుసుగా? చమురు కంపెనీ జీతంతోనే. నేను వెళ్లి బోర్డు ముందు ఏం మాట్లాడను?"

నిజాయతీగా చెప్పాడు. ఆ మాటకు నాకు కోపం రాలేదు. తర్వాత అన్నాడు చూడండి, దానికి వచ్చింది.

"అయినా ఆ పాఠం ఉంటే ఏంటి, పోతే ఏంటి మామయ్యా? శాట్‌కి అక్కర్లేదు. పెద్దదానికి రోబోటిక్స్, చిన్నాడికి స్పెల్లింగ్ బీ. మాకు ఊపిరి సలపట్లేదు."

జీతం తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది గ్యాస్ మీదే, నేను ఊళ్లు తిరిగేది డీజిలు బస్సులోనే. సరుకు కొనుక్కోవడం వేరు, సరుకు అమ్మేవాడి చేత పిల్లల సైన్సు పుస్తకం రాయించుకోవడం వేరు. ఈ తేడా తెలియని అమాయకుడు కాదు మావాడు, ఐఐటీలో చదివినవాడు. తెలిసి కూడా, మార్కులు రాని పాఠం పోతే నాకేం అన్నాడు. ఆ 'నాకేం' ముందు ఎక్సాన్ డబ్బు చిన్నది. అమెరికాలో వేగంగా పెరుగుతున్న భాష తెలుగేనని చెప్పుకుని మురిసిపోయాం. వేలాది మందితో సభలు జరుపుకుంటాం, సినిమా హీరోలను పిలిపించుకుంటాం. ఆ వేల మందిలోంచి ఇరవై మంది లేచి మా పిల్లల పుస్తకంలో ఏముండాలో తేల్చేది చమురు వ్యాపారి కాదని ఆస్టిన్‌లో బోర్డు ముందు చెప్పలేరా? వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండల్లో మాడింది, 2017లో హార్వీ తుపాను వరదల్లో ఇళ్లు మునిగి నష్టపోయింది ఆ ఊళ్లలోని మనవాళ్లు కూడా కాదా?

ఇక్కడున్నవాళ్లం మనమేదో తెలివైనవాళ్లం అనుకోవద్దు. కోవిడ్ తర్వాత భారం తగ్గిస్తున్నామంటూ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో కోతలు పెట్టింది. పదో తరగతి సైన్సులోంచి శక్తి వనరుల పాఠం పోయింది. సహజ వనరుల నిర్వహణ పాఠం పోయింది. పన్నెండో తరగతి జీవశాస్త్రంలోంచి పర్యావరణ సమస్యల అధ్యాయం పోయింది. దీని వెనక బొగ్గు కంపెనీలున్నాయని నేను అనను, అనడానికి ఆధారం ఏమీ లేదు. మన దగ్గర ఏ కంపెనీ డబ్బు ఖర్చు పెట్టాల్సిన అవసరమే రాలేదు, అదే నా బాధ. కరెంటులో దాదాపు నాలుగింట మూడొంతులు బొగ్గు నుంచే తీసే దేశంలో, పదో తరగతి పిల్లకు కరెంటు దేని నుంచి వస్తుందో, దాని వల్ల ఏమవుతుందో చెప్పే పాఠం మాయమైతే ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. అవే కోతల్లో పదో తరగతి నుంచి పరిణామ సిద్ధాంతం పోయినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు సంతకాలు పెట్టారు, దేశమంతా చర్చ జరిగింది. మంచిదే. శక్తి వనరుల పాఠానికి అందులో నాలుగో వంతు గొడవ కూడా కాలేదు. మన రెండు రాష్ట్రాల్లో సీబీఎస్ఈ బడుల పేరెంట్స్ మీటింగులు లెక్కలేనన్ని జరిగాయి. ఎవరైనా ఈ పాఠం ఏమైందని అడిగారా? సిలబస్ తగ్గింది, ర్యాంకుకు టైం దొరికింది అనుకున్నాం.

పైగా మనం పిల్లలకు నేర్పేది ఇంకోటి ఉంది. ఏటా పెట్రోలియం శాఖ ఆధ్వర్యంలో పొదుపు ఉత్సవాలు, వ్యాసరచన, చిత్రలేఖనం పోటీలు. సిగ్నలు దగ్గర ఇంజను ఆపండి, టైర్లలో గాలి చూసుకోండి. పొదుపు మంచి అలవాటే. కానీ భూమి వేడెక్కడానికి కారణం నాన్న స్కూటరు ఆపకపోవడమేనని నమ్ముతూ పెరిగే పిల్ల, బావి తవ్వేవాడిని ఒక్క ప్రశ్న కూడా అడగదు. ఎవరి కార్బన్ అడుగుజాడ ఎంతో వాళ్లే లెక్కేసుకోండని ఇరవై ఏళ్ల కిందట ఊరూరా ప్రచారం చేసింది బీపీ అనే చమురు కంపెనీయే. ఆ లెక్కలో కంపెనీ అడుగుజాడ గురించి పిల్లల్ని అడగరు.

బడి పుస్తకంతోనే ఆగలేదు ఈ డబ్బు. లండన్ సైన్స్ మ్యూజియంలో 2024 మార్చిలో శక్తి మీద కొత్త గ్యాలరీ తెరిచారు. బడిపిల్లలు బారులు తీరి వెళ్లే చోటు. దాని పేరులోనే అదానీ గ్రీన్ ఎనర్జీ ఉంది. ఇది సౌర, పవన విద్యుత్ విభాగమే కదా అని మ్యూజియం వాదన. ఆ ఒప్పందం ఖాయమైన 2021లోనే ఇద్దరు ధర్మకర్తలు రాజీనామా చేసి వెళ్లిపోయారు, అందులో గణిత శాస్త్రవేత్త హన్నా ఫ్రై ఒకరు. అదే మ్యూజియానికి షెల్ డబ్బు ఇచ్చినప్పుడు, కంపెనీ పరువుకు నష్టం కలిగేలా మాట్లాడకూడదని ఒప్పందంలో రాయించుకున్న సంగతి కూడా అప్పట్లో బయటపడింది. లండన్ పిల్లలు గోడ మీద చూసే అదానీ పేరే, విశాఖ గంగవరం రేవు గేటు మీద కూడా ఉంది. అక్కడ దిగే సరుకుల్లో ముఖ్యమైనది బొగ్గు. రేవు కోసం ఊరు, సముద్రం పోగొట్టుకున్న జాలరి కుటుంబాల పిల్లలకు ఏ గ్యాలరీలోనూ గోడ లేదు.

పీట్ పీడకల దగ్గరికి కోనసీమ పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లాలని ఉంది నాకు. 1995 జనవరిలో పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి, రెండు నెలలకు పైగా ఆకాశమంత మంట ఆరకుండా మండింది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ గొట్టం పగిలి, నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే కాలిపోయారు. 20 మందికి పైగా చనిపోయారు, అందులో పసిపిల్లలూ ఉన్నారు. 1997 సెప్టెంబరులో విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ పేలుడు దాదాపు 60 మందిని తీసుకుపోయింది. పెట్రోలియం లేకపోవడం పీడకల అని రాసిన పెద్దమనిషికి ఈ మూడు ఊళ్ల పేర్లు తెలిసి ఉండవు. మనకు తెలుసు. తెలిసి మన పిల్లల ఏ పాఠంలో పెట్టుకున్నాం?

ఇంత చెప్పాక, ఏం చేసినా ఏమీ జరగదులే అనేవాళ్లకు రెండు సంగతులు. స్కొలాస్టిక్ బొగ్గు పాఠాలను 2011 మేలో వెనక్కి తీసుకుంది. కోర్టు తీర్పు రాలేదు, ప్రభుత్వం ఆదేశించలేదు. కొందరు టీచర్లు, తల్లిదండ్రులు, రెండు మూడు సంస్థలు ఉత్తరాలు రాశారు, పత్రికల్లో వచ్చింది, అంతే. 2014లో టెక్సాస్ కోసం తయారైన సాంఘిక శాస్త్రం పుస్తకాల్లో వాతావరణ మార్పు గురించి హార్ట్‌లాండ్ మాటను శాస్త్రవేత్తల మాటతో సమానంగా పెట్టారు. చదివినవాళ్లు గోల చేస్తే మెక్‌గ్రా హిల్ దాన్ని తీసేసి మార్చి రాసింది. రెండుసార్లూ జరిగింది ఒకటే, ఎవరో ఒకరు పిల్లల పుస్తకం తెరిచి చదివారు.

కాబట్టి ఈ రాత్రి మీ పిల్లల సైన్సు పుస్తకం తీసి చూడండి. బడికి ఉచితంగా వచ్చిన కిట్ ఉంటే పెట్టె అడుగున ఎవరి పేరుందో చదవండి. పదో తరగతి వాళ్లుంటే శక్తి వనరుల పాఠం ఎక్కడుందో అడగండి, వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల కన్నా ముందు అదే అడగండి. టెక్సాస్‌లో ఓటున్న తెలుగువాళ్లు విద్యా బోర్డులో తమ సభ్యుడెవరో ఈ వారమే కనుక్కోండి. ఓటు లేనివాళ్లకు టీచరును అడిగే నోరు ఉంది. మేనల్లుడా, నువ్వూ అడుగు. నీ కంపెనీ నీకు జీతం ఇస్తోంది పనికి, నీ పిల్లల పుస్తకానికి కాదు.